ఊలు దాచుకోవలసిన వస్తువు కాదు

ప్రశ్న: నా వయసు 53. రాజమహేంద్రవరంలో బ్యాంకు ఉద్యోగం వదులుకుని, మావారి ఉద్యోగం కోసం 2008లో స్కాట్లాండులోని అబర్డీన్‌కు వచ్చాను. కిందటి సెప్టెంబరులో మా అబ్బాయి చదువు కోసం వేరే ఊరు వెళ్లాడు. ఇంట్లో తోచక, గ్రంథాలయంలో పగటిపూట కలుసుకునే ఆడవాళ్ల దగ్గర రంగుల ఊలు అల్లిక నేర్చుకోవడం మొదలుపెట్టాను. జనవరి నుంచి మంగళ, గురువారాల్లో సాయంత్రం నీటిరంగుల తరగతికి కూడా వెళుతున్నాను. అబ్బాయి కోసం మెరూన్, ముదురు ఆకుపచ్చ ఊలుతో 120 కుట్లు వేసి టోపీ అల్లితే అది వాడి తలకు పట్టలేదు సరికదా, అందులో పువ్వుల వరుస కనబడనే లేదు. గోదావరి బొమ్మ వేస్తే బురదలా తేలింది. మొదట్లో ఏమీ అనని మావారు రెండు నెలలుగా "పాతిక పౌండ్లు పెడితే దుకాణంలో స్వెట్టరు వస్తుంది, ఈ వయసులో నీకు ఈ బొమ్మలేమిటి" అంటున్నారు. మా ఆడపడుచేమో "అమ్మితే నాలుగు డబ్బులొస్తాయి కదా వదినా" అంటుంది. కొత్త ఊలు కొన్నప్పుడల్లా బియ్యం డబ్బా వెనుక దాచిపెడుతున్నాను. మధ్యాహ్నాలు ఒక్కోసారి ఊరికే ఏడుపు వస్తోంది. ఏప్రిల్‌లో పాలకొల్లు నుంచి మా అత్తగారు ఆరు నెలలు ఉండడానికి వస్తున్నారు. రెండింటిలో ఒకటి మానేయాలా? మానేస్తే ఏది? ఇదంతా నా స్వార్థమేనా?
— ఒక సోదరి, అబర్డీన్

జవాబు:

అమ్మా, మీ ఉత్తరంలో మీరు అడిగిన ప్రశ్నల కంటే, మధ్యలో ఒక్క వాక్యంలో చెప్పి దాటేసిన బియ్యం డబ్బా దగ్గరే నేను ఎక్కువసేపు ఆగిపోయాను. సొంత ఇంట్లో, తన ఖర్చులోంచి మిగుల్చుకున్న డబ్బుతో కొన్న ఊలు ఉండను ఒక గృహిణి దొంగ సొత్తులా దాచుకుంటున్నదంటే, ఆమె బాధ టోపీ బిగుతు కావడం గురించి కాదు, రెండు వ్యాపకాల్లో దేన్ని వదలాలన్నదాని గురించి అంతకన్నా కాదు. ఈ వయసులో సంపాదనకు పనికిరాని పని ఒకటి చేయడానికి మీకు ఎవరి అనుమతో కావాలని మీలోనే ఒక మూల అనిపిస్తోంది. ఆ అనుమతిని భర్త ముఖంలోనూ, ఆడపడుచు మాటలోనూ, రాబోయే అత్తగారి చూపులోనూ వెతుక్కుంటున్నారు. చివరికి, ఎన్నడూ ముఖం చూడని నన్ను కూడా అదే అడుగుతున్నారు. నేను ఇవ్వను, ఎందుకంటే అది నేను ఇవ్వవలసింది కాదు. మీరు దాచడం మానితే చాలు.

దాచుకున్న విద్య ఎదగదన్న సంగతి నాకు స్వయంగా తెలుసు. నలభై ఆరో ఏట వీణ మొదలుపెట్టి, ఇంట్లో ఎవరికీ వినబడకూడదని తలుపు వేసుకుని, మీటు గట్టిగా వేయకుండా ఆరు నెలలు సాధన చేశాను. గురువుగారు విని, మీ వీణ గుసగుసలాడుతోందేమిటమ్మా అన్నారు. తప్పు పైకి వినబడితే తప్ప సరిదిద్దుకోవడం కుదరదు.

ముందుగా మీ టోపీ సంగతి చూద్దాం, ఎందుకంటే దాన్ని మీరు మీ చేతకానితనానికి సాక్ష్యంగా చూపించారు, నాకేమో అందులో మీ తప్పు చాలా చిన్నదిగా కనిపిస్తోంది. మీరు నేర్చుకుంటున్నది, మీ అబర్డీన్ రేవు నుంచి సాయంత్రం ఓడ ఎక్కితే తెల్లవారేసరికి చేరుకునే షెట్లాండ్ దీవుల అల్లిక. అక్కడి ఫెయిర్ ఐల్ అనే చిన్న దీవి పేరే ఈ పద్ధతికి వచ్చింది. ఒక వరుసలో రెండే రంగులు ఉంటాయి. వాడని రంగు దారం వెనుక నుంచి సాగుతూ వస్తుంది. కొత్తవాళ్లందరూ ఆ వెనుక దారాన్ని బిగించి లాగుతారు. దాంతో గుడ్డ ముడుచుకుపోతుంది. ఒకే రంగుతో అల్లినప్పుడు 10 సెంటీమీటర్లకు 22 కుట్లు పడే చేతికి, రెండు రంగులతో అల్లేసరికి 25 పడ్డాయనుకోండి. 120 కుట్ల టోపీ 54 సెంటీమీటర్లు దాటవలసింది కాస్తా 48 దగ్గరే ఆగిపోతుంది. ఇరవై ఏళ్ల కుర్రవాడి తలకు అది ఎలా పడుతుంది? రంగు మార్చే ముందు కుడి సూది మీది కుట్లను వేళ్లతో కాస్త విడదీసి పరచండి, ఒక సైజు పెద్ద సూది తీసుకోండి, అయిదు కుట్ల కంటే ఎక్కువ దూరం సాగే దారాన్ని మధ్యలో ఒకసారి పట్టి అల్లండి. అన్నింటికంటే ముఖ్యంగా, అదే రెండు రంగులతో, అదే విధంగా గుండ్రంగా ఒక చిన్న నమూనా అల్లి కొలుచుకున్న తరువాతే టోపీకి కుట్లు ఎత్తండి. వెనుక దారం బిగువును మనసు బిగువుతో పోల్చి ఇక్కడ నాలుగు మాటలు చెప్పడం నా వృత్తిలో తేలిక, కానీ మీ టోపీకి దానివల్ల ఒరిగేదేమీ లేదు కనుక మానుకుంటున్నాను.

పువ్వుల వరుస కనబడకపోవడానికి కారణం వేరు. మెరూన్, ముదురు ఆకుపచ్చ మన కళ్లకు పెళ్లి చీర రంగులు. చీరలో ఒకటి ఒంటి రంగు, మరొకటి అంచు. రెండూ చెరో చోట విశాలంగా పరుచుకుని ఉంటాయి, నడుమ జరీ వెలుగు ఉంటుంది. అయిదు కుట్ల పువ్వులో అంత చోటు లేదు. రంగులు వేరైనా రెండింటి ముదురుతనం ఒకటే కావడంతో దూరం నుంచి చూస్తే అవి ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. ఆ రెండు ఊలు ఉండలను పక్కపక్కన పెట్టి ఫోనులో నలుపు తెలుపు ఫొటో తీయండి. రెండూ ఒకే బూడిద రంగుగా కనిపిస్తే ఆ జత పనికిరాదు. ఆకుపచ్చ ఉంచుకుని, మెరూన్ స్థానంలో మీగడ రంగు పెట్టి చూడండి.

మీరు అడిగిన మొదటి ప్రశ్నకు సమాధానం కూడా ఇక్కడే ఉంది. బొమ్మలు వేసేవారు కళ్లు సగం మూసి చూసేది ఈ ముదురు లేత తేడా కోసమే. మీ చిత్రలేఖనం తరగతిలో మంగళవారం నేర్పేదీ, గ్రంథాలయంలో ఆడవాళ్లు రంగులు ఎంచుకునేటప్పుడు చూసేదీ ఒకటే చూపు. మీరు రెండు విద్యలు నేర్చుకుంటున్నానని కంగారు పడుతున్నారు గానీ, ఒక విద్యను రెండు వాకిళ్ల నుంచి నేర్చుకుంటున్నారు. అందుచేత ఏదీ మానవద్దు. మీ గోదావరి బురదగా తేలడానికి కారణం బహుశా మొదటి పూత ఆరకముందే రెండో రంగు వేయడం, లేదా నాలుగైదు రంగులను పళ్లెంలో ఒకచోట కలిపేయడం. నీటిరంగుల్లో లేతవి ముందు, ముదురువి తరువాత వేయాలి. తెలుపు కావలసిన చోట కాగితాన్నే వదిలేయాలి. పలచని కాగితం నీళ్లకు ఉబ్బి రంగును గుంటల్లోకి లాక్కుపోతుంది, అందుచేత ఇతర ఖర్చు తగ్గించుకుని అయినా 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువుండే) మందం కాగితం కొనుక్కోండి. ఆ బొమ్మ వరద గోదావరి అయితే మాత్రం బురద రంగే సరైనది, చింపేయకండి. అదీగాక, పదిహేనేళ్లు పైబడి చూస్తున్న మీ వీధిలోని గ్రానైట్ గోడల బూడిద రంగును ఒక్కసారి వేసి చూడండి. అల్ట్రామెరైన్ నీలంలో బర్న్‌ట్ సియెన్నా గోధుమ రంగు కలిపితే ఆ బూడిద వస్తుంది. జ్ఞాపకంలోని నది కంటే కిటికీలోని గోడ నేర్చుకునేవారి చేతికి లొంగుతుంది.

ఇక మీవారి మాట. "ఈ వయసులో ఈ బొమ్మలేమిటి" అనడం చులకన మాటే, దానికి నేను సమర్థన వెతకను. అయితే మీ ఉత్తరంలోనే మీరు గమనించని ఒక లెక్క ఉంది. సెప్టెంబరు నుంచి డిసెంబరు వరకు మీరు పగటిపూట అల్లుకుంటున్నప్పుడు ఆయన ఏమీ అనలేదు. సాయంత్రం తరగతి మొదలైన జనవరి తరువాతే ఆయన నోటి వెంట పౌండ్ల లెక్క వచ్చింది. కొడుకు వెళ్లిపోయిన ఇంటికి వారంలో రెండు రోజులు ఆయన చీకటి పడ్డాక వచ్చి, తాళం తీసుకుని, లైటు వేసుకుని, కూర వేడి చేసుకుని ఒంటరిగా తింటున్నారు. మీకే తోచని ఇంట్లో ఆయనకు ఎలా తోస్తుందన్న ఆలోచన మీకు రాకపోవడం సహజమే, ఎందుకంటే ఆయన కూడా ఆ మాట చెప్పలేదు. స్వెట్టరు ధర చెప్పారు. మన మగవాళ్లలో చాలామందికి "నువ్వు లేకపోతే ఇల్లు బోసిగా ఉంది" అనడం కంటే "దండగ ఖర్చు" అనడం సులభం. నా ఊహ తప్పయినా కావచ్చు కనుక ఆయననే అడగండి. తరగతి లేని రోజున, భోజనాల తరువాత, "మంగళవారం, గురువారం నేను లేనప్పుడు మీకు ఇబ్బందిగా ఉంటోందా? తరగతి మాత్రం మానను, కానీ ఆ రెండు రోజులు ఎలా గడుపుకోవాలో ఇద్దరం ఆలోచిద్దాం" అని నేరుగా చెప్పండి. మానను అన్న మాటను మధ్యలో మింగేయకండి. ఆయన తరగతి అయ్యే వేళకు వచ్చి మిమ్మల్ని తీసుకెళ్లి, దారిలో ఇద్దరూ ఏదైనా తిని రావడం లాంటి ఏర్పాటు ఒకటి కుదిరితే మంచిది. అడిగిన తరువాత కూడా వెటకారమే సాగితే, ఆ వెటకారం నాకు బాధగా ఉందని ఒకసారి స్పష్టంగా చెప్పి ఊరుకోండి, ప్రతిసారీ సంజాయిషీ ఇచ్చుకోవలసిన పని లేదు. నెలకు ఊలుకూ రంగులకూ ఇంత అని ఒక మొత్తం మీరే నిర్ణయించి ఆయనకు చెప్పేస్తే డబ్బు మాటకు కూడా తావుండదు; బ్యాంకులో పనిచేసిన మీకు ఈ పద్దు నేను నేర్పనక్కరలేదు.

ఆడపడుచు సలహా మంచి మనసుతో ఇచ్చిందే, కానీ దాన్ని ఇప్పట్లో పాటించవద్దు. రంగుల అల్లికతో పెద్దవాళ్ల స్వెట్టరు పూర్తి కావాలంటే ఎన్నో పదుల గంటలు పడుతుంది, ఆ గంటలకు తగిన ధర ఇచ్చేవారు అరుదు. షెట్లాండ్ స్త్రీల చరిత్రే అందుకు నిదర్శనం. పందొమ్మిదో శతాబ్దంలో వారు పొయ్యిలో కాల్చే పీట్ మట్టి గంపలు వీపున మోస్తూ, దారి పొడవునా నడుముకు కట్టుకున్న తోలు పట్టీలో సూది గుచ్చి అల్లుతూ పోయేవారు. అల్లినదానికి వర్తకులు రొక్కం బదులు టీ పొడి, బట్టలు ఇచ్చేవారు. ఆ మోసం మీద 1872లో ప్రభుత్వ విచారణ సంఘం సాక్ష్యాలు తీసుకోవలసి వచ్చింది. మన వైపు నరసాపురం చుట్టుపక్కల క్రోషియా లేసు అల్లే స్త్రీలది కూడా ఇంచుమించు అదే కథ. వారు రోజంతా నడుం వంచి అల్లినది ఎగుమతి అయితే, దాన్ని ఇల్లాళ్ల తీరిక వేళ వ్యాపకమని పేరు పెట్టి కూలి తక్కువ కట్టారు. అక్కడ పనిని తీరిక అన్నారు. మీ విషయంలో తీరికను, పని కాదని చిన్నచూపు చూస్తున్నారు. రెండూ ఒకే అన్యాయానికి రెండు వైపులని నాకు అనిపిస్తుంది. మీకు అల్లికతో బతుకు గడవవలసిన అవసరం లేదు. అది అదృష్టం, స్వార్థం కాదు. ఇంట్లో ఎవరి అన్నం, ఎవరి మందు, ఎవరి అవసరం ఆగిపోయిందో మీ ఉత్తరంలో ఎక్కడా రాయలేదు. రాయలేదంటే ఆగలేదనే నేను అనుకుంటున్నాను.

మధ్యాహ్నపు ఏడుపు గురించి మాత్రం కాస్త గట్టిగా చెప్పాలి. కొడుకు దూరమైన ఏడాది, మీ వయసులో శరీరంలో వచ్చే మార్పులు, స్కాట్లాండు చలికాలంలో మూడున్నరకే కమ్ముకునే చీకటి, మూడూ ఒకేసారి మీద పడ్డాయి. రెండు వారాలకు మించి ఆ దిగులు వదలకపోయినా, నిద్ర, ఆకలి తప్పినా మీ జీపీ (కుటుంబ) డాక్టరు దగ్గరకు వెళ్లి ఇదే మాట చెప్పండి. ఊలు, కుంచె మనసుకు తోడుగా ఉంటాయి గానీ వైద్యం స్థానంలో నిలబడవు. అలాగే మణికట్టు నొప్పి పుట్టేదాకా అల్లవద్దు, అరగంటకోసారి సూదులు పక్కన పెట్టి లేవండి.

మిగిలింది అత్తగారి రాక. ఆమె ఏమంటారోనని మీరు ముందే భయపడుతున్నారు, కానీ ఆమెది పాలకొల్లు అన్నారు. నరసాపురానికి అంత దగ్గర ఊరిలో పెరిగిన ఆ తరం ఆడవాళ్లలో క్రోషియా సూది పట్టినవారు ఎందరో ఉన్నారు. నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆమె స్వయంగా అల్లి ఉండవచ్చు, ఆమె అక్కచెల్లెళ్లు అల్లి ఉండవచ్చు, లేదా ఇవేవీ కాక ఆ పని అంటేనే విసుగు పుట్టి ఉండవచ్చు. ఎలాగైనా ఆమెకు చెప్పడానికి ఏదో ఒకటి ఉంటుంది. అందుచేత ఆమె వచ్చేలోగా బియ్యం డబ్బా వెనుక ఉన్న ఊలంతా బయటికి తీసి, హాల్లో అందరికీ కనబడే చోట ఒక బుట్టలో పెట్టండి. బిగుతైన టోపీ కూడా అందులోనే ఉండనివ్వండి. ఈ వారం ఫోను చేసినప్పుడు, ఊరగాయలు, పొడుల జాబితా అయ్యాక, మీ ఇంట్లో పాత లేసు దిండు గలీబు ఏదైనా మిగిలి ఉంటే ఒకటి పెట్టెలో పెట్టుకుని రండి అత్తయ్యా, అది ఎవరు అల్లారో వచ్చాక చెబుదురు గాని, అని అడగండి.