5 వాట్ల ట్యూబ్ ఆంప్ కొనాలంటే ముందు మీ స్పీకర్ల సంగతి చూడండి

మీకు వేళచ్చేరిలో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్, 86 డీబీ సెన్సిటివిటీ ఉన్న బుక్‌షెల్ఫ్ స్పీకర్లు, 60 వాట్ల సాలిడ్ స్టేట్ ఆంప్ (ట్రాన్సిస్టర్లతో పనిచేసే ఆంప్లిఫయర్) ఉన్నాయన్నారు. ఆంప్ అమ్మేసి, గాజు ట్యూబులతో (వాల్వులతో) పనిచేసే 5 వాట్ల ట్యూబ్ ఆంప్ కొంటే ఘంటసాల గొంతు ఇంకా బాగా వినిపిస్తుందా అని అడిగారు. నేనూ చెన్నైలోనే ఉంటాను, నా దగ్గర చాలా ఏళ్లుగా రెండు రకాలూ ఉన్నాయి. స్పీకర్లు మార్చే ఉద్దేశం లేకపోతే ఉన్నది అమ్మకండి.

86 డీబీ అంటే ఒక వాట్ ఇస్తే మీటరు దూరంలో వచ్చే మోత. వాట్లు రెట్టింపు చేసినా పెరిగేది 3 డీబీయే. ఆ లెక్కన 5 వాట్లకి 93 దగ్గర ఆగిపోతుంది. సోఫా మూడు మీటర్ల అవతల ఉంటే అందులోనూ కొంత పోతుంది. నెమ్మదిగా సాగే పాటకి ఇది హాయిగా సరిపోతుంది. కచేరీ పెట్టుకుని తని ఆవర్తనం (మృదంగం ఒంటరిగా వాయించే భాగం) దాకా వచ్చారంటే చిక్కు మొదలవుతుంది. మృదంగం దెబ్బ సగటు శబ్దం కంటే 15 డీబీ సులువుగా పైకి లేస్తుంది. నా దగ్గరున్న ట్యూబ్ ఆంప్ ఈఎల్84 సింగిల్ ఎండెడ్, అంటే ఒక్కో వైపు స్పీకర్‌ని ఈఎల్84 అనే ఒక్క పవర్ ట్యూబే నడుపుతుంది. వాల్యూమ్ కాస్త పెంచి వింటే అక్కడ దాని ఊపిరి అయిపోతుంది. గరగరలాడదు కానీ, దెబ్బలో పదును పోయి దూది మీద కొట్టినట్టు అణిగిపోతుంది. ట్రాన్సిస్టర్ ఆంప్ హద్దు దాటితే ఒక్కసారిగా కరకరమంటుంది, నిజమే. కానీ 60 వాట్లతో ఫ్లాట్‌లో ఆ హద్దు దాకా పోవాలంటే ముందు పక్కింటివాళ్లు తలుపు కొడతారు.

బాస్ సంగతి వేరు. ట్యూబ్ ఆంప్‌కి అవుట్‌పుట్ ఇంపెడెన్స్ (కరెంటుకి ఆంప్ లోపల ఎదురయ్యే అడ్డు) ఎక్కువ కాబట్టి స్పీకర్ కోన్ మీద పట్టు తక్కువ. మృదంగం ఎడమవైపు గుమ్మనే నాదం ఆగాల్సిన చోట ఆగక కొంచెం సాగుతుంది. పైగా స్పీకర్ ఇంపెడెన్స్ అన్ని ఫ్రీక్వెన్సీల దగ్గరా ఒకేలా ఉండదు. అది పెరిగిన చోట శబ్దమూ పెరుగుతుంది, తగ్గిన చోట తగ్గుతుంది. అందుకే ఒకరింట్లో అద్భుతంగా పాడిన ట్యూబ్ ఆంప్ మనింటికి తెచ్చుకుంటే చప్పగా ఉండొచ్చు. అందరూ చెప్పే ఆ ‘వార్మ్‌నెస్’లో కొంత ఇదే. మిగతాది సెకండ్ హార్మోనిక్ డిస్టార్షన్, అంటే అసలు స్వరానికి రెట్టింపు ఫ్రీక్వెన్సీలో ఆంప్ తనంతట కలిపే శబ్దం. మధ్య స్థాయి ‘స’ పాడితే పై స్థాయి ‘స’ కూడా సన్నగా తోడవుతుంది. అది శ్రుతిలోనే ఉంటుంది కాబట్టి చెవికి తప్పులా తోచదు, గొంతు నిండుగా అనిపిస్తుంది.

రెండూ పోల్చి వినాలంటే వాల్యూమ్ సమానం చేయాలి. లేకపోతే కాస్త గట్టిగా మోగిందే బాగుందనిపిస్తుంది. నేను రెండింట్లోనూ ఒకే టెస్ట్ టోన్ పెట్టి, స్పీకర్ టెర్మినళ్ల దగ్గర మల్టీమీటర్‌లో ఒకే వోల్టేజ్ వచ్చేలా సర్ది, మా ఆవిణ్ని అటు తిరిగి కూర్చోమన్నాను. ఒంటరి గొంతుకీ వీణకీ ట్యూబే బాగుందంది. నాదస్వరం, తవిల్ పెట్టగానే ట్రాన్సిస్టర్ ఆంపే ఉంచమంది. నా చెవీ అదే చెప్పింది. కాకపోతే వాల్యూమ్ సమానం చేశాక తేడా నేననుకున్నంత ఉండలేదు. ఇక ఘంటసాల అంటారా, 1950ల నాటి పాటలు రికార్డయిందే వాల్వ్ పరికరాల మీద, అవీ ఎక్కువగా ఈ మద్రాసులోనే. ఆ తీపి రికార్డులోనే ఉంది. మీ ఆంప్ దాన్ని చెడగొట్టకుండా ఇస్తే చాలు.

వేడి సంగతి మీకు చెప్పక్కర్లేదు. ఈఎల్34 అనే పవర్ ట్యూబ్‌ని లోపల వేడిచేసే హీటర్‌కే, ఒక్కోదానికి 9 వాట్ల పైన కావాలి. ట్యూబ్‌లో కరెంటు ఎప్పుడూ పారుతూనే ఉండే క్లాస్ ఏ రకం అయితే పాట మోగినా మోగకపోయినా కరెంటు దాదాపు అంతే తాగుతుంది. మే నెలలో నేను నాదాన్ని ముట్టుకోను.

అయినా మనసు లాగుతోందంటే ముందు 92, 93 డీబీకి తగ్గని స్పీకర్లు చూసుకోండి. చవకగా దొరికే కొన్నింటిలో ముందు రెండు బుల్లి ట్యూబులు మెరుస్తుంటాయి, పని మాత్రం లోపలి చిప్ చేస్తుంది. అసలు ట్యూబ్ ఆంప్‌లో డబ్బంతా ట్యూబులకీ స్పీకర్లకీ మధ్య ఉండే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్లలో ఉంటుంది. చేత్తో ఎత్తి చూడండి, తేలిగ్గా లేచిందంటే అనుమానించాల్సిందే. బెంగళూరు బీఈఎల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) 1961లో రిసీవింగ్ వాల్వుల (రేడియోల్లాంటి వాటిలో వాడే ట్యూబుల) తయారీ మొదలుపెట్టింది. ఆ పాత స్టాకు అక్కడక్కడా కనిపిస్తుంది కానీ దాన్ని నమ్ముకోకండి, స్లొవేకియా కంపెనీ జేజే చేసే ట్యూబుల లాంటి కొత్తవి తెప్పించుకోండి. పవర్ ట్యూబులు కొన్ని వేల గంటల్లో అరిగిపోతాయి, ఆ ఖర్చూ లెక్కేసుకోవాలి. ఇంట్లో పిల్లలుంటే పైన జాలీ ఉన్నదే తీసుకోండి. మూత మాత్రం విప్పకండి, స్విచ్ ఆపాక కూడా కెపాసిటర్లలో వందల వోల్టులు నిలిచి ఉండొచ్చు. ఇంకొకటి, సాలిడ్ స్టేట్‌కి అలవాటుపడ్డవాళ్లు మరిచిపోయేది: స్పీకర్ వైర్లు తగిలించకుండా ఎప్పుడూ ఆన్ చేయకండి, ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు.