బానెట్ అంచు దగ్గర జాగ్రత్త

బుజ్జీ,

నిన్న మీ నాన్న ఫోన్ చేశాడు. "అన్నయ్యా, నీ కూతురు కారుకి సిరామిక్ కోటింగ్, అదే రంగు మీద పూస్తే పల్చటి పొరలా గట్టిపడే మందు, తనే వేసుకుంటుందట. సీసా కూడా తెప్పించేసింది" అన్నాడు నవ్వుతూ. ఆ నవ్వులో ఏ బానెట్ ఉందో నాకు తెలుసు. ఫోన్ పెట్టేశాక మీ పెద్దమ్మతో "దానికి నా చెయ్యే వచ్చింది" అని గొప్పలు పోయాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. నోటితో చెబితే "సరే పెదనాన్నా, సరే" అని తోసేస్తావు. అందుకే రాస్తున్నాను, కూర్చుని చదువు.

అన్నిటికంటే ముందు మాస్కు. మూతికి కట్టుకునే గుడ్డ కాదు, ఆవిర్లని ఆపే కార్ట్రిడ్జ్ ఉన్నది. దుమ్ము పడుతుందని తలుపులన్నీ బిగించుకుని పనిచేస్తారు చాలామంది. నువ్వలా చెయ్యకు, గాలి ఆడాలి. నేను హార్డెనర్ కలిపిన రంగు ముప్ఫై ఏళ్ళు కొట్టాను, ముక్కుకి కర్చీఫ్ చుట్టుకుని. అందులో ఐసోసైనేట్లు ఉంటాయనీ, అవి ఊపిరితిత్తుల్ని పట్టుకుంటే వదలవనీ డాక్టర్ చెబితే గానీ తెలీలేదు. ఇప్పుడు మీ ఇంటి మెట్లెక్కుతూ మధ్యలో ఆగి, గోడకున్న కేలండర్ చూస్తున్నట్టు నటిస్తాను కదా, అదీ కథ. నీ సీసాలో ఉన్నది వేరే మందు, నాకు తెలుసు. అయినా అందులోనూ థిన్నర్‌లా ఆవిరయ్యే సాల్వెంట్ ఉంటుంది, సాల్వెంట్ సాల్వెంటే. చేతులకి నైట్రైల్ గ్లవ్స్ వేసుకో. వాదించకు.

కడగడం నీకు చెప్పక్కర్లేదు. షాంపూకో బకెట్, గుడ్డ జాడించడానికి ఇంకో బకెట్. ఆ తర్వాత ఐరన్ రిమూవర్ కొట్టు, బ్రేకుల నుంచి వచ్చి అతుక్కున్న ఇనప రజను ఊదారంగులో కారిపోతుంది. దానికీ లొంగని గరుకుంటే క్లే బార్, అదే రుద్ది మురికి లాగే మెత్తటి బంకముద్ద. చేతికి పల్చటి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని తడిమి చూడు, వేళ్ళకి తెలియని గరుకు కూడా కవరు మీంచి తెలుస్తుంది.

కారు కొత్తదే కదా, పాలిష్ దేనికని అడుగుతావు. కొత్త కారు నీ చేతికి వచ్చేలోపే ఎవరెవరో ఏ గుడ్డతోనో తుడిచి ఉంటారు. చీకట్లో టార్చ్ ఏటవాలుగా పట్టి చూడు. సాలెగూడులా సన్నని గీతలు కనిపిస్తే ముందు అవి తియ్యాలి. కోటింగ్ వాటిని దాచదు. నిగారింపు పెంచి ఇంకా బాగా చూపిస్తుంది. గీతలు లేని చోట మాత్రం పాలిష్ మెషిన్ ఆనించకు. ఈ మాట ఎందుకు నొక్కి చెబుతున్నానో అసలు సంగతి చెబుతాను. మీ నాన్న నీకు పూర్తిగా చెప్పి ఉండడు.

అప్పుడు నీకు పదేళ్ళు. మీ నాన్న ముదురు నీలం మెటాలిక్ రంగు కారు కొన్నాడు. సెకండ్ హ్యాండే గానీ ఎంత మురిసిపోయాడో! "అన్నయ్యా, ఏదో కొత్త కోటింగ్ వచ్చిందట, నువ్వే వెయ్యాలి" అని తెచ్చి నా షెడ్డులో వదిలాడు. అంతకుముందు నేను దాన్ని ముట్టుకోలేదు. ఆ మాట చెప్పచ్చుగా? చెప్పలేదు. ఇన్నేళ్ళు రంగు వేసినవాణ్ణి, వేలెడంత సీసా నాకేం నేర్పుతుందిలే అనుకున్నాను. లోపలున్న కాగితం చదవను కూడా లేదు.

సాయంత్రం మొదలుపెట్టాను, ఒక్క ట్యూబ్‌లైట్ వెలుతుర్లో. రంగు వేసినట్టే బానెట్ మొత్తం ఒకేసారి పట్టించేశాను. వెనక్కొచ్చి తుడిచేసరికి గుడ్డ జారడం మానేసి పట్టుకుంటోంది. గట్టిగా రుద్దితే పోయింది, పోయిందనుకున్నాను. పొద్దున కారు ఎండలోకి తోసి చూద్దును కదా, బానెట్ మీద నీళ్ళలో కిరోసిన్ తేలినట్టు మచ్చలు! హై స్పాట్లు అంటారు వాటిని. మందు ఎక్కువై, తుడవడం ఆలస్యమైన చోట గట్టిపడి అలా ఉండిపోతుంది.

అప్పటికైనా చల్లగా కూర్చుని ఆలోచిస్తే చేత్తో పోయేది. కొంచెం ఫైన్ పాలిష్ పెట్టి ఆ మచ్చ వరకే రుద్ది, మళ్ళీ చుక్క మందు వేసుకుంటే సరిపోయేది. కానీ పది గంటలకి మీ నాన్న వస్తానన్నాడు. తమ్ముడి ముందు పరువు! బఫింగ్ మెషిన్‌కి ఉన్ని ప్యాడ్ బిగించి, గరుకు కాంపౌండ్ పూసి, బానెట్ మీద గీతలా లేచి ఉండే ఆ మడత మీద ఆనించి నొక్కాను. మచ్చ పోయింది. ఇంకొంచెం నొక్కాను. వేడి వాసన వచ్చింది. మెషిన్ ఎత్తి చూస్తే తెల్లటి ప్యాడ్ మీద నీలం.

ఆ నీలం నీకు అర్థమవ్వాలి. కారు మీద రంగు, దాని పైన క్లియర్ కోట్ అనే పారదర్శకమైన పొర ఉంటాయి. ఆ క్లియర్ కోట్ మందం సాధారణంగా 40, 50 మైక్రాన్లు, మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు. చాలామంది తలవెంట్రుక అంత మందం కూడా ఉండదు. అంచుల దగ్గరా మడతల దగ్గరా ఇంకా పల్చన, పైగా మెషిన్ బరువంతా ఆ సన్నని గీత మీదే పడుతుంది. ప్యాడ్‌కి కారు రంగు అంటిందంటే క్లియర్ కోట్ దాటి కిందికి పోయావన్నమాట. నువ్వు వేసే కోటింగ్ 1, 2 మైక్రాన్లు ఉంటే గొప్ప. అది పోయిన దాన్ని పూడ్చదు.

మీ నాన్న వచ్చాడు. చూశాడు. "పోనీలే అన్నయ్యా, బానెట్టే కదా" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. బానెట్ మొత్తం మళ్ళీ రంగు వేశాను. మెటాలిక్ నీలం, ఎంత కలిపినా ఒక పిసరు తేడా. నువ్వు స్కూలు బ్యాగుతో దిగి "పెదనాన్నా, ముందు భాగం కొత్తదా?" అని అడిగావు, గుర్తుందా? ఆ కారు అమ్మేసేదాకా మా ఇంటికొచ్చినప్పుడల్లా ముందు నేను చూసింది ఆ బానెట్టే.

కాబట్టి అంచులకీ మడతలకీ మాస్కింగ్ టేపు అంటించు. నాదిలా ఒకే చోట గిరగిరా తిరిగే మెషిన్ వద్దు, తిరుగుతూనే అటూ ఇటూ ఊగే డ్యుయల్ యాక్షన్‌దే వాడు, మెత్తటి ఫోమ్ ప్యాడ్‌తో. అది కూడా ముందు ఒక జానెడు చోట చేసి చూసుకున్నాకే. ఏ డోరుకైనా ఈ మధ్య రంగు వేయించి ఉంటే కొన్ని వారాలు ఆగు, లోపలి సాల్వెంట్ బయటికి పోవాలి.

పాలిష్ నూనె పోయేలా ప్యానెల్ వైప్ అనే ద్రవంతో తుడిచాక కోటింగ్. రేకు వేడిగా ఉండకూడదు, అరచేయి వెనక భాగం ఆనించి చూడు. రెండు జానల చదరం తీసుకో, నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి. ఇంద్రధనుస్సు రంగులు తేలతాయి. ఎంతసేపు ఆగి తుడవాలో నీ సీసా కాగితం మీద ఉంటుంది, ఆ రోజు వేడిని బట్టి ఇంకా తొందరగా కూడా ఆరచ్చు. రెండు గుడ్డలు, ఒకటి తియ్యడానికి, ఒకటి మెరుగుకి. టార్చ్ పెట్టి అన్ని వైపుల నుంచీ చూశాకే పక్క చదరం. వాడిన గుడ్డలు దాచుకోకు, మందు గట్టిపడి అవే తర్వాత గీతలు పెడతాయి.

ఒక రోజంతా నీళ్ళు తగలనివ్వకు. షాంపూ వారం దాకా వద్దు.

ఇంకో మాట. సీసా మీద 9హెచ్ అని ఉంటే వజ్రం పూసినట్టు అనుకోకు. అది పెన్సిళ్ళతో గీసి చూసే పరీక్ష, అంతే. రాయి వచ్చి తగిలితే చిట్లుతుంది, దానికి కావాల్సింది పీపీఎఫ్, అంటే రంగు మీద అంటించే పారదర్శకమైన ప్లాస్టిక్ ఫిల్మ్. పిట్ట రెట్ట పడితే కోటింగ్ ఉందిగా అని వారం వదిలేస్తే మచ్చ దిగుతుంది. నీటి చుక్కలు ఎండితే వాటి మరకలూ పడతాయి. కడగడం తేలికవుతుంది, మెరుపు నిలుస్తుంది. దానికోసమే వేసుకో.

శనివారం మొదలుపెడతావట. నేను వస్తున్నాను. మెషిన్ ముట్టుకోను, మాటిస్తున్నాను. టార్చ్ పట్టుకుంటాను. గాలి తగిలే చోట నాకో కుర్చీ వేసి ఉంచు. మీ నాన్నని కూడా పిలువు.

నీ
పెదనాన్న