రిజిస్టర్ చేయించినంత మాత్రాన వీలునామా నిలబడుతుందా?

సందేహం: మాది సోంపేట మండలం. వయసు 66. పలాసలో వారానికి రెండుసార్లు డయాలసిస్ చేయించుకుంటున్నాను. నాన్నగారి నుంచి వచ్చిన 2 ఎకరాల కొబ్బరితోట, నేను కొన్న ఎకరం జీడితోట, శ్రీకాకుళంలో నా సంపాదనతో కట్టుకున్న ఇల్లు ఉన్నాయి. ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. అమ్మాయికి పెళ్లిలోనే ఇవ్వాల్సింది ఇచ్చేశాం. తోటలు కొడుకులిద్దరికీ, ఇల్లు నా భార్యకు, ఆమె తర్వాత మమ్మల్ని చూసుకుంటున్న చిన్నబ్బాయికి రాయాలని ఉంది. తెల్ల కాగితం మీద రాస్తే చెల్లుతుందా? రిజిస్టర్ చేయిస్తే ఇక ఎవరూ కాదనలేరు కదా?

జవాబు: తెల్ల కాగితం చాలు. వీలునామాకు స్టాంపు డ్యూటీ లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరీ కాదు. అయితే రిజిస్టర్ చేయిస్తే ఎవరూ కాదనలేరనుకోవడం పొరపాటు. రిజిస్టరైన వీలునామాలూ కోర్టుల్లో వీగిపోతున్నాయి. దానికి కారణాలు వేరే ఉన్నాయి.

ముందు కొబ్బరితోట సంగతి తేల్చుకోండి. నాన్నగారు ఆ తోటను తన డబ్బుతో కొని, వీలునామా రాయకుండా, హిందూ వారసత్వ చట్టం వచ్చిన 1956 తర్వాత పోయి ఉంటే, మీ వాటాకు వచ్చింది మీ సొంత ఆస్తే. నచ్చినవారికి రాసుకోవచ్చు. అలా కాకుండా తాతల నాటి నుంచి ఉమ్మడిగా వస్తున్న భూమి అయితే అందులో మీ పిల్లలకు పుట్టుకతోనే హక్కు ఉంది. ఆ చట్టానికి 2005లో చేసిన సవరణ తర్వాత కూతురికీ అంతే. పెళ్లయినా, పెళ్లిలో ఎంత పెట్టినా ఆ హక్కు పోదు. మీరు, ముగ్గురు పిల్లలు కలిసి నాలుగు వాటాలు. అంటే 2 ఎకరాల్లో మీరు వీలునామా రాయగలిగేది మీ 50 సెంట్లకే. మిగతా ఎకరంన్నర మీ సంతకంతో కదలదు. అమ్మాయి మనస్ఫూర్తిగా వదులుకుంటానంటే ఆమే హక్కు విడుదల దస్తావేజు రాసి రిజిస్టర్ చేయాలి. పాత దస్తావేజులు, రెవెన్యూ రికార్డులైన 1-బి, అడంగల్ దగ్గర పెట్టుకుని ఈ లెక్క ముందే చూసుకోండి.

జీడితోట, ఇల్లు మీ స్వార్జితం కాబట్టి పూర్తి స్వేచ్ఛ మీది. అయితే కూతురికి ఏమీ ఇవ్వకపోతే ఎందుకు ఇవ్వలేదో ఒక వాక్యం తప్పక రాయండి. కారణం చెప్పకుండా కన్నబిడ్డను పక్కన పెట్టడాన్ని కోర్టులు అనుమానంగా చూస్తాయి.

ఇంటి విషయంలో మాటల పొందిక చాలా ముఖ్యం. ‘నా భార్యకు సర్వహక్కులతో ఇస్తున్నాను, ఆమె తర్వాత చిన్న కుమారుడికి’ అని రాస్తే మొదటి మాటతోనే ఇల్లు ఆమెది అయిపోతుంది, రెండో మాట సాధారణంగా నిలవదు. ‘అమ్మే, తాకట్టు పెట్టే హక్కు లేకుండా జీవితాంతం అనుభవించి’ అని రాస్తే పరిమిత హక్కు. అయినా అది ఆమె మనోవర్తికి బదులుగా ఇచ్చిందని తేలితే హిందూ వారసత్వ చట్టం సెక్షన్ 14(1) కింద సంపూర్ణ హక్కుగా మారొచ్చు. 1977లో తులసమ్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. షరతులతో ఇచ్చిన ఆస్తికి వర్తించే 14(2) ఎక్కడ మొదలవుతుందన్న ప్రశ్నను 2024 డిసెంబరులో పెద్ద ధర్మాసనానికి పంపారు. నన్నడిగితే ఇల్లు ఆమెకే సర్వహక్కులతో రాసేయండి. మీరు లేని రోజున ఆసుపత్రి ఖర్చు వస్తే ఆమె ఎవరి ముందూ చెయ్యి చాచకూడదు. చిన్నబ్బాయికి జీడితోటలో ఎక్కువ భాగం ఇవ్వొచ్చు.

ఇక రుజువు. మీరు సంతకం చేస్తుండగా కనీసం ఇద్దరు సాక్షులు చూడాలి, వాళ్లు మీ ఎదుటే సంతకాలు చేయాలి. రేపు తగవు వస్తే వారిలో ఒకరైనా కోర్టుకొచ్చి ‘ఆయన సంతకం పెట్టడం చూశాను, ఆయన చూస్తుండగా నేనూ పెట్టాను’ అని చెప్పాలి. చాలా వీలునామాలు పోయేది ఇక్కడే. సాక్షులు మీ ఈడువాళ్లే అయి ముందే పోతారు, లేదా వలస వెళ్లి దొరకరు. దస్తావేజు రాసినాయన సంతకాన్ని సాక్షి సంతకం కింద లెక్కేసుకోవడం ఇంకో తప్పు. ఆయన ‘రాసినవారు’ మాత్రమే. కాబట్టి మీకంటే ఇరవై ఏళ్లయినా చిన్నవాళ్లను, ఊళ్లోనే ఉండేవాళ్లను, ఆస్తిలో ఏమీ రానివాళ్లను పిలవండి.

మీ ఆరోగ్యం వల్ల ‘ఒంట్లో బాగోనప్పుడు చిన్నోడు రాయించుకున్నాడు’ అనే మాట తప్పకుండా వస్తుంది. డయాలసిస్ లేని రోజు పెట్టుకోండి. మీకు వైద్యం చేస్తున్న డాక్టరు దగ్గర అదే రోజు తేదీతో, పూర్తి స్పృహలో, అర్థం చేసుకునే స్థితిలో ఉన్నారని సర్టిఫికెట్ తీసుకోండి. చిన్నబ్బాయి ముసాయిదా రాయించడంలోగాని, సంతకాల చోటగాని ఉండకూడదు. సంతకం ప్రతి పేజీలో చేయండి. కొట్టివేతలుంటే పేజీ మళ్లీ రాయించండి. రిజిస్ట్రేషన్‌కు కదలలేకపోతే రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 31 కింద సబ్ రిజిస్ట్రార్‌ను ఇంటికి రమ్మని దరఖాస్తు చేయొచ్చు.

ఆస్తులను సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు హద్దులతో రాయండి. ‘ఇందులో చేర్చని ఆస్తులు ఫలానావారికి’ అని ఒక వాక్యం ఉండాలి, లేకపోతే వాటికి మళ్లీ వారసుల తగవే. బ్యాంకు డిపాజిట్లలో నామినీ డబ్బు తీసుకునేవారే గానీ యజమాని కాదు, అదీ వీలునామాలో చేర్చండి.

‘ఇప్పుడే గిఫ్ట్ రాసిచ్చేయండి’ అని ఎవరైనా తొందర పెడితే ఆగండి. గిఫ్ట్ రిజిస్టరైతే ఆస్తి ఆ రోజే చేయి దాటుతుంది. వీలునామాను మీరు బతికున్నంత కాలం మార్చుకోవచ్చు, చివరిదే చెల్లుతుంది. మార్చినప్పుడు పాతదాని తేదీ, నంబరు రాసి రద్దు చేస్తున్నట్లు చెప్పండి.

ఒరిజినల్ ఎక్కడుందో మీ భార్యకూ ఒక సాక్షికీ చెప్పి ఉంచండి. మన జిల్లాలో ప్రొబేట్, అంటే వీలునామాకు కోర్టు ధ్రువీకరణ, తప్పనిసరి కాదు. మరణ ధ్రువపత్రం, వీలునామా జతచేసి మ్యుటేషన్‌కు (భూమి రికార్డుల్లో పేరు మార్పుకు) దరఖాస్తు పెడితే తహసీల్దారు వారసులందరికీ నోటీసులిచ్చి విచారిస్తారు. ఎవరైనా అభ్యంతరం చెబితే సివిల్ కోర్టులో తేలాల్సిందే.