రెండు లక్షల్లో డీజిల్ స్విఫ్టా, పెట్రోల్ ఆల్టోనా?

తమ్ముడూ, రెండు లక్షల్లో ఏ సెకండ్ హ్యాండ్ కారు కొనాలని అడిగావు కదా. నల్లగొండ టౌన్ నుంచి మహాత్మా గాంధీ యూనివర్సిటీకి రోజూ పోయి రావడానికే అయితే పాత డీజిల్ వద్దు. అంత తక్కువ తిరుగుడుకు మైలేజీలో మిగిలేది రిపేర్లకే పోతుంది. ఆల్టో గాని వ్యాగనార్ గాని చూడు, విడిభాగాలు ఎక్కడైనా దొరుకుతాయి.

2012 బండి అంటున్నావు. రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకే, అంటే 2027లో రెన్యువల్ ఖర్చు నీ నెత్తినే పడుతుంది. బేరంలో ఆ మాట ఎత్తు.

ఎం-పరివాహన్ అనే ప్రభుత్వ యాప్‌లో బండి నంబర్ కొట్టి ఇన్సూరెన్స్, ఫైనాన్స్ (బండి మీద లోన్ ఉందా అని) చూడు. నేను తొందరపడి కొన్న బండికి లోన్ తీరలేదు. బ్యాంకు ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) కోసం మూడు నెలలు తిరిగాను, అదో టెన్షన్! బండి నీ పేరు మీదికి మార్చే ఫారం 29, 30 మీద అమ్మేవాళ్ల సంతకాలు పడ్డాకే మిగతా డబ్బు ఇవ్వు. చలాన్లు వాళ్లనే కట్టమను.

పొద్దున్నే వెళ్లి, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించు. నీలం పొగ వస్తే తిరిగి వచ్చెయ్. మెకానిక్‌ను మాత్రం నువ్వే తీసుకెళ్లు.