సోమశిల జలాశయం లేకుంటే నెల్లూరు దగ్గర పెన్నాలో ఎంత నీరు పారేది?

నదిలో నీటిని కొలిచే గేజీ చూపే అంకె నది సహజ ప్రవాహం కాదు, ఎక్కువగా జలాశయం గేట్లు వదిలిన నీరే. అందుకే లెక్కను వెనక్కి తిప్పాలి. దిగువన కొలిచిన నీటికి జలాశయంలో పెరిగిన నిల్వ, కాలువలకు వెళ్లింది, ఆవిరైంది కలపాలి. నిల్వ తగ్గితే ఆ మేరకు తీసేయాలి.

ఉదాహరణకు, ఒక రోజులో సోమశిలలో 1 టీఎంసీ (వంద కోట్ల ఘనపుటడుగులు) పెరిగింది, నదిలోకి 2,000 క్యూసెక్కులు (సెకనుకు ఘనపుటడుగులు) వదిలారు అనుకుందాం. రోజుకు 1 టీఎంసీ అంటే సుమారు 11,574 క్యూసెక్కులు. అంటే కాలువలు, ఆవిరి కలపకముందే ఇన్‌ఫ్లో, అంటే జలాశయంలోకి వచ్చిన నీరు, 13,574 క్యూసెక్కులు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఇదంతా పెన్నా నీరు కాదు. శ్రీశైలం నుంచి తెలుగుగంగ కాలువ ద్వారా కృష్ణా నీళ్లు కూడా సోమశిలకు వస్తాయి. కేసీ కాలువ తుంగభద్ర నీటిని పెన్నా ఉపనది కుందూ పరీవాహకంలోకి తెస్తుంది, పొలాల్లో మిగిలింది నదిలో కలుస్తుంది. వీటిని తీసేయకపోతే పెన్నా ఉన్నదానికన్నా పెద్దదిగా కనిపిస్తుంది. రైతులకు నీటి హామీ ఇచ్చేటప్పుడు ఇది చాలా ప్రమాదకరమైన తప్పు. తర్వాత మైలవరం లాంటి ఎగువ ప్రాజెక్టుల వాడకాన్ని కలపాలి.

రోజువారీ లెక్కలో ఒక్కోసారి మైనస్ అంకె వస్తుంది, టెన్షన్ పడొద్దు. అంత పెద్ద జలాశయంలో మట్టం ఒక సెంటీమీటరు తప్పు చదివినా చాలా తేడా వస్తుంది. పది రోజుల సగటు తీసుకోండి. చెరువుల్లో ఆగే నీటికి కొలతలు దొరకడం కష్టం, దాన్ని వర్షపాతం నుంచి అంచనా వేయాల్సిందే.