యుద్ధానికి ముందటి కార్లతో ఇప్పటికీ రేసులు ఎందుకు?

రెండో ప్రపంచ యుద్ధానికి, అంటే 1939కి ముందు తయారైన కార్లని మన ఇంటి ముందుండే మారుతీ కూడా దాటేస్తుంది కదా, వాటితో రేసులేమిటి, పైగా అంత ఖరీదైనవాటిని ఎందుకు పాడుచేసుకోవడం అని అడిగారు. నిజమే, చాలావాటిని దాటేస్తుంది. కానీ మారుతీలో డ్రైవర్ ఏం చేస్తున్నాడో బయట నిలబడ్డవాళ్లకి తెలియదు. ఆ పాత కార్లలో డ్రైవర్ పడే శ్రమంతా కళ్లకి కనిపిస్తుంది, చెవులకి వినిపిస్తుంది. నాకు తెలిసిన అసలు ఆకర్షణ అదే.

మాది విశాఖపట్నం. ఉద్యోగం మీద ఇంగ్లండ్‌లో ఉన్నప్పుడు చెల్టెనమ్ దగ్గర ప్రెస్కాట్ కొండ మీద వింటేజ్ స్పోర్ట్స్-కార్ క్లబ్ వాళ్ల పోటీకి వెళ్లాను. 1934లో మొదలైన క్లబ్ అది. సుమారు కిలోమీటరు పొడవున కొండెక్కే దారి, ఒక్కో కారే వెళ్తుంది, పోటీ గడియారంతో. మలుపు దగ్గర నిలబడితే ఒక ఫ్రేజర్ నాష్ కారు వచ్చింది. అది చెయిన్‌తో నడిచే బండి, మలుపులో రెండు చక్రాల్నీ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ ఉండదు. వెనక చక్రాలు రెండూ ఒకే వేగంతో తిరగాల్సిందే కాబట్టి మలుపులో వెనక భాగం పక్కకి జారిపోతుంది. నడుపుతున్నావిడ భుజాల దాకా బయటికే కనిపిస్తోంది. బండి జారడం మొదలవగానే స్టీరింగ్ ఎదురువైపు తిప్పేసింది, యాక్సిలరేటర్ మాత్రం వదల్లేదు. నా గుండె ఆగినంత పనైంది.

ఇక గేర్లు. ఆ కాలం కార్లలో చాలావాటికి సింక్రోమెష్, అంటే గేర్ల వేగాలు కలిపి గేరు సులువుగా పడేలా చేసే ఏర్పాటు, లేదు. గేరు తగ్గించాలంటే క్లచ్ తొక్కి న్యూట్రల్‌కి తెచ్చి, క్లచ్ వదిలి ఇంజన్ రేజ్ చేసి, మళ్లీ క్లచ్ తొక్కి గేరు వెయ్యాలి. లెక్క తప్పితే గేరు పళ్లు గరగరలాడతాయి. మా మావయ్య లారీ నడిపేవాడు. శృంగవరపుకోట దాటాక అనంతగిరి ఘాట్ ఎక్కేటప్పుడు పక్కన కూర్చుని ఈ డబుల్ క్లచ్ చప్పుడు చిన్నప్పుడే విన్నాను. ప్రెస్కాట్‌లో కళ్లు మూసుకున్నా ఎవరు బాగా నడుపుతున్నారో తెలిసిపోయింది!

ఖరీదు సంగతికొస్తే, బుగాటీ టైప్ 35 లాంటివి కోట్లు పలుకుతాయి. అయినా 1924లో ఫ్రాన్స్‌లోని లియాన్‌లో జరిగిన గ్రాండ్ ప్రీ రేసు కోసం పుట్టిన బండి అది, రేసులో పరిగెత్తడమే దాని పని. అంత డబ్బు లేనివాళ్లకి ఆస్టిన్ సెవెన్ ఉంది. 1922 నుంచి 1939 దాకా తయారైన చిన్న కారు, చాలావాటికి 747 సీసీ ఇంజన్. అక్కడ ఒక పెద్దాయన తన షెడ్డులో లేత్ మీద తీసుకున్న బుష్, అంటే ఇరుసు చుట్టూ ఉండే గొట్టం లాంటి ముక్క, చూపించాడు. ఆ ముక్క మన గాజువాక ఆటోనగర్‌లో ఇచ్చినా కొలతలు తీసుకుని అలాంటిదే ఇంకోటి చేసిస్తారు. అందుకే ఏదైనా విరిగినా వాళ్లు పెద్దగా టెన్షన్ పడరు. బాగుచేసుకుని మళ్లీ పోటీకి వస్తారు.