పెరటి కంద దురద పెడితే

కార్తికంలో పెరటి కందను తవ్వి బచ్చలితో కలిపి వండితే ఇంటిల్లిపాదికీ గొంతు దురద పెట్టిందని, లోపం వంటలో ఉందా, దుంపలో ఉందా అని అడిగారు. ఆకు ఇంకా పచ్చగా ఉండగానే తవ్వామని మీరే రాశారు కనుక, దుంప ముదరకపోవడమే కారణమని నా నమ్మకం. కందలో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు ఉంటాయి. అవి నాలుకకూ గొంతుకూ గుచ్చుకోవడం వల్లనే ఆ దురద కలుగుతుంది.

మిగిలిన మొక్కలను ఆకు పసుపుబారి, కాడ మెత్తబడి దానంతటదే నేలకు ఒరిగేవరకు కదపకండి. తవ్విన దుంపను కడగకుండా, మట్టి మాత్రం దులిపి, వారం పది రోజులు నీడలో ఆరనివ్వండి. తరిగేటప్పుడు చేతులకు నూనె రాసుకుని, తొక్కను మందంగా చెక్కి, ముక్కలను ఉప్పు, పసుపు, చింతపండు రసం వేసిన నీటిలో, వేలితో నొక్కితే వెన్నలా నలిగేవరకు ఉడికించి, ఆ నీటిని పారబోయండి. సగం ఉడికిన ముక్క ఒక్కటి ఉన్నా కూరంతా పాడవుతుంది. మా కోనసీమలో బచ్చలిని ఆ తరువాతే కలుపుతాము; నూరిన ఆవను మాత్రం కూర దించి, కాస్త చల్లారాక పెట్టాలి, లేకపోతే చేదెక్కుతుంది.

వచ్చే వేసవిలో నాటడానికి, మన కొవ్వూరులోనే ఎంపిక చేసిన ‘గజేంద్ర’ రకం దొరికితే తెచ్చుకోండి. దానికి దురద గుణం చాలా తక్కువ.